వానలో కీచుమనే డిస్క్ బ్రేకులు: చప్పుడు ఆపే పని మొదటి నుంచి చివరి దాకా

జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) నడిపేవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "బ్రేకు పట్టగానే వీధంతా వినపడేలా అరుస్తోంది. కొత్త ప్యాడ్లు వేయించినా తగ్గలేదు. ఇంకేం చేయాలి?"

ప్యాడ్లు (బ్రేకు పట్టినప్పుడు రోటర్‌ను రెండు వైపులా నొక్కే రాపిడి ముక్కలు) కొనడం ఈ పనిలో చివరిదాకా ఆగాల్సిన మెట్టు. రోటర్ (చక్రంతోపాటు తిరిగే ఉక్కు బిళ్ల) మీద నూనె మరక అలాగే ఉండగా కొత్త ప్యాడ్లు వేస్తే, మొదటి దిగుడులోనే ఆ నూనె వాటికీ పడుతుంది. డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఉంటుంది. అందుకే వరస తప్పకుండా చేయండి: వినడం, బిగుతు చూడటం, విప్పి చూడటం, శుభ్రం చేయడం, కాలిపర్‌ను (ప్యాడ్లను పట్టి ఉంచే భాగాన్ని) మధ్యకు తేవడం, ప్యాడ్లను రోటర్‌కు అలవాటు చేయడం.

ఉదాహరణకు షిమానో కంపెనీ ఎంటీ200 హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులను తీసుకుంటున్నాను. మన దగ్గర మధ్యరకం ధరల బైకుల మీద తరచూ కనిపించేవి ఇవే. మీది వేరే కంపెనీ అయితే బిగుతు అంకెలు మారతాయి, పని తీరు మారదు. కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులకు కూడా ద్రవం, పిస్టన్ల (ప్యాడ్లను నెట్టే గుండ్రటి ముక్కల) భాగాలు తప్ప మిగతాది చాలావరకు వర్తిస్తుంది.

1. ముందు చెవి పెట్టి వినండి

ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపుతూ ముందు బ్రేకు ఒక్కటే పట్టండి. తర్వాత వెనకది ఒక్కటే పట్టండి. రెండూ కలిపి పడితే ఏది అరుస్తోందో తేలదు. తడి లేనప్పుడు ఒకసారి, రోటర్ మీద నీళ్లు చల్లి ఒకసారి వినండి.

- పట్టిన మొదటి రెండు మూడు సెకన్లు కీచుమని, ఆ తర్వాత ఆగిపోతే: అది నీటి చప్పుడే. రోటర్ మీది నీటి పొర తుడుచుకుపోగానే పోతుంది. దీనికి మరమ్మతు అక్కర్లేదు.
- తడిలోనూ పొడిలోనూ ఆగకుండా కీచుమంటూ, బ్రేకు పట్టు కూడా తగ్గితే: నూనె పడింది. 5, 6 మెట్లు మీకోసమే.
- గరగరమని ఇసుక నలిగినట్టు వినపడితే: ప్యాడ్ల మధ్య మట్టి చేరింది, లేదా ప్యాడ్ అరిగిపోయి దాని లోహపు పలక రోటర్‌ను గీరుతోంది. రెండోది అయితే అక్కడే ఆగి చూడాలి.
- గుర్రుమంటూ ఫోర్కు, ఫ్రేము అదిరితే: ఎక్కడో బిగుతు వదిలింది, లేదా ప్యాడ్ పొర రోటర్ మీద అతుకులు అతుకులుగా అంటింది.
- బ్రేకు పట్టకపోయినా చక్రం తిరిగే ప్రతిసారీ ష్, ష్ అంటే: రోటర్ వంగింది, లేదా కాలిపర్ పక్కకు జరిగింది.

తడి వేలితో గాజు గ్లాసు అంచును రుద్దితే గ్లాసు ఎలా మోగుతుందో, ఇక్కడా జరిగేది అదే. ప్యాడ్ రోటర్‌ను పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇది సెకనుకు వేలసార్లు జరిగితే లోహం మోగుతుంది. నీళ్లు, నూనె, మట్టి ఆ పట్టును ఒకచోట ఒకలా, మరోచోట మరోలా చేస్తాయి. వదులుగా ఉన్న బోల్టు ఆ అదురును పెంచుతుంది. మనం చేయబోయేదంతా ఆ పట్టును రోటర్ చుట్టూ ఒకేలా చేయడానికీ, అదరగల చోట్లను బిగించడానికే.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం లేదా అంతకన్నా గాఢమైనది
- ఉతికిన పాత బనియన్ గుడ్డలు లేదా టిష్యూలు. ఒకసారి నూనె తుడిచిన గుడ్డ మళ్లీ ఈ పనికి రాదు
- రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు మాస్కు
- 120 నంబరు, 220 నంబరు ఎమరీ పేపర్, చదునైన పలక లేదా టైలు ముక్క
- 5 మిల్లీమీటర్ల అలెన్ కీ, టీ25 టార్క్స్ కీ, మొన సన్నని పట్టకారు (నోజ్ ప్లయర్)
- ప్లాస్టిక్ టైర్ లివర్, ఇయర్ బడ్స్
- మీ బ్రేకుకు సరిపడే ద్రవం కొద్దిగా. షిమానోకు మినరల్ ఆయిల్
- దొరికితే టార్క్ రెంచ్ (బిగుతు కొలిచే పానా), వెర్నియర్ కాలిపర్స్ (మందం కొలిచే పనిముట్టు)

ఆల్కహాల్‌కు బదులు హ్యాండ్ శానిటైజర్ వాడకండి. అందులోని గ్లిసరిన్, సువాసన నూనెలు రోటర్ మీద పొరలా మిగిలిపోతాయి. కిరోసిన్, పెట్రోల్, డబ్ల్యూడీ-40 అసలే వద్దు. ఆల్కహాల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోట, మంటకు దూరంగా పని చేయండి. రోటర్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి.

బైకును తలకిందులు చేయకుండా స్టాండు మీదో, గోడకు ఆనించో ఉంచితే మేలు. హైడ్రాలిక్ బ్రేకును తిరగేస్తే లివర్ దగ్గరి తొట్టిలో ఉన్న గాలి గొట్టంలోకి పోయి లివర్ మెత్తబడవచ్చు.

3. విప్పక ముందే బిగుతు చూడండి

రెండు మూడు నిమిషాల పని ఇది, చాలామంది వదిలేసేది కూడా ఇదే.

ముందు బ్రేకు గట్టిగా పట్టి బైకును ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల చోటు) దగ్గర టకటకమంటే అది వదులైంది. చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కలకు కదిపి చూడండి. కదిలితే హబ్ (చక్రం నడిమి భాగం) బేరింగులు చూడాలి. చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లేదా త్రూ యాక్సిల్ సరిగా బిగిసిందా? స్పోకులను జతలు జతలుగా నొక్కితే ఏదైనా మరీ వదులుగా ఉందా?

తర్వాత బోల్టులు. షిమానోలో కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులకు బిగుతు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు (టార్క్ రెంచ్ మీద కనిపించే కొలత). ఆరు బోల్టుల రోటర్‌కు ఒక్కో బోల్టుకు 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు. స్రామ్ అనే మరో కంపెనీ రోటర్లకైతే ఇదే బోల్టుకు 6.2 న్యూటన్ మీటర్లు. ఒకరి అంకె ఇంకొకరికి పెట్టకండి. రోటర్ బోల్టులను చుట్టూ వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి.

4. చక్రం తీసి చూడండి

చక్రం ఊడదీశాక లివర్ నొక్కకండి. మధ్యలో రోటర్ లేకపోతే పిస్టన్లు బయటికి జరిగిపోతాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే కాలిపర్‌లో ప్లాస్టిక్ ముక్క పెట్టేయండి, లివర్ కనిపిస్తే వాళ్ల చేతులు ఊరుకోవు.

ప్యాడ్లను పట్టి ఉంచే చీలు పిన్ను (స్ప్లిట్ పిన్) కొసలను మొన సన్నని పట్టకారుతో నిటారు చేసి లాగండి. ప్యాడ్లు, మధ్యలోని స్ప్రింగు కలిసి వస్తాయి. ఏది లోపలి ప్యాడో, ఏది బయటిదో గుర్తు పెట్టుకోండి.

చూడాల్సినవి:

- ప్యాడ్ మందం. రాపిడి పదార్థం 0.5 మిల్లీమీటర్లకు వస్తే షిమానో ప్యాడ్ మార్చాల్సిందే. స్రామ్‌లో పలకతో కలిపి 3 మిల్లీమీటర్ల లోపుకు వస్తే మార్చాలి.
- అరుగుదల తీరు. ఒక ప్యాడ్ ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే పిస్టన్ బిగుసుకుంది. ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగితే కాలిపర్ వంకరగా కూర్చుంది.
- ప్యాడ్ ముఖం. అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడింది. ముదురు రంగు మరకలుంటే నూనె తాగింది.
- రోటర్ మందం. కొత్తది సుమారు 1.8 మిల్లీమీటర్లు. షిమానో రోటర్ల మీద కనీస మందం 1.5 మిల్లీమీటర్లని అచ్చు వేసి ఉంటుంది. ప్యాడ్ రుద్దుకునే చోటి అంచున వేలికి మెట్టులా తగిలితే కొలవండి.
- కాలిపర్ లోపల. పిస్టన్ల చుట్టూ తడిగా, జిడ్డుగా ఉంటే ద్రవం కారుతోంది. ఇది ఉన్నంతకాలం ఎన్ని ప్యాడ్లు వేసినా పాడవుతాయి. షిమానో కాలిపర్‌కు లోపలి సీళ్లు విడిగా దొరకవు, కాలిపర్ మొత్తం మార్చాలి.

5. నూనె ఎక్కడిదో పట్టుకోండి, తర్వాతే రోటర్ కడగండి

మరక తుడిచేసి, దాన్ని తెచ్చిన అలవాటును వదలకపోతే రెండు వారాల్లో మళ్లీ ఇదే అరుపు. మన దగ్గర నూనె వచ్చే దారులు ఇవి.

మొదటిది, వాటర్ సర్వీసింగ్. బురద పట్టిన సైకిల్‌ను మోటార్‌సైకిళ్లు కడిగే చోట ఇస్తే, కడిగాక మెరుపు కోసం డీజిలో, పాలిషో పిచికారీ చేసే చోట్లు చాలా ఉన్నాయి. మోటార్‌సైకిల్‌కే అది మంచిది కాదు, బయటికి కనిపించే చిన్న రోటర్ ఉన్న సైకిల్‌కు ఆ ఒక్క పిచికారీతో ప్యాడ్లు పోతాయి. కడిగించక తప్పకపోతే పక్కనే నిలబడి, నీళ్లు మాత్రమే కొట్టమని చెప్పండి. ఆ నీళ్లూ హబ్ బేరింగుల మీదికి నేరుగా కొట్టనివ్వకండి.

రెండోది, చైన్‌కు వేసే నూనె. స్ప్రే డబ్బాతో కొడితే తుంపర వెనక రోటర్ మీదికి వెళుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే చైన్ నుంచి చింది అంతటా పడుతుంది. సీసాలోంచి లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, పది నిమిషాలాగి, పైన మిగిలింది గుడ్డతో తుడవండి. వెనక బ్రేకే ఎక్కువగా అరుస్తుంటే నేను ముందు చైన్‌నే అనుమానిస్తాను.

మూడోది, మన చేతులు. కొబ్బరినూనె రాసుకున్న తల సవరించుకుని, అదే చేత్తో రోటర్ పట్టుకుని చక్రం ఎత్తితే చాలు. నాలుగోది రోడ్డు. వాన మొదలైన కొత్తలో తారు మీద పేరుకున్న డీజిల్, ఇంజిన్ నూనె నీళ్ల మీద తేలి చక్రాల మీదికి చిమ్ముతాయి. తొలకరి రోజుల్లో ఊళ్లో తిరిగి వచ్చాక రోటర్ తుడవడం ఇందుకే అవసరం.

ఇప్పుడు శుభ్రం చేసే పద్ధతి:

1. మామూలు నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు కడిగే సబ్బుతో రోటర్ మీది మట్టి పోగొట్టండి. బాగా కడిగి ఆరబెట్టండి. మట్టి ఉండగా ఆల్కహాల్ పోస్తే బురద అవుతుందంతే.
2. కొత్త చేతితొడుగులు వేసుకోండి.
3. గుడ్డను ఆల్కహాల్‌తో తడిపి రోటర్ రెండు వైపులా, చిల్లుల లోపలి అంచులు కూడా తుడవండి. నూనె దాక్కునేది ఆ అంచుల్లోనే.
4. గుడ్డ మడత మారుస్తూ, నల్లదనం దాదాపు రాకుండా పోయేదాకా తుడవండి.
5. మెరుపు మచ్చలు మిగిలితే 220 నంబరు ఎమరీ పేపర్‌తో రోటర్ ముఖాన్ని మెల్లగా, అన్ని దిక్కులా రుద్దండి. మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి.
6. ఇక ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోకండి.

చక్రం తిరుగుతుండగా రోటర్ తుడవడం అస్సలు వద్దు. ఆ చిల్లుల్లో వేలు పడితే తెగిపోతుంది.

6. ప్యాడ్లు: ఏవి బతుకుతాయి, ఏవి బతకవు

గట్టిపడి మెరుస్తున్న ప్యాడ్ బతుకుతుంది. 120 నంబరు ఎమరీ పేపర్‌ను టైలు మీద పరచి, రెండు చుక్కల నీళ్లు వేసి, ప్యాడ్ ముఖాన్ని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. మెరుపు పోయి ముఖమంతా ఒకే రంగుకు వస్తే చాలు. నీళ్లు వేసేది దుమ్ము లేవకుండా. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తీయకండి. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో ఆరబెట్టండి.

నూనె తాగిన రెసిన్ (జిగురుతో కలిపి చేసిన మెత్తని రకం) ప్యాడ్ బతకదు. పైపైన పడ్డ మరకైతే రుద్దితే పోవచ్చు, లోపలికి ఇంకితే పోదు. గ్యాస్ మంట మీద కాల్చడం, వంటింటి ఓవెన్‌లో పెట్టడం లాంటి చిట్కాలు చాలామంది చెబుతారు. వాటి జోలికి పోకండి. ప్యాడ్‌లోని జిగురు దెబ్బతింటే రాపిడి పదార్థం పలక నుంచి ఊడిపోతుంది, ఘాట్ దిగుతున్నప్పుడు ఊడితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఒకసారి రుద్ది, తుడిచి, 9వ మెట్టు దాకా చేసి చూడండి. అప్పటికీ పట్టు రాకపోతే కొత్తవి వేయండి.

7. పిస్టన్లు రెండూ సమానంగా కదలాలి

ఎర్రమట్టి దారుల్లో, ఉదాహరణకు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో వానాకాలం తిరిగిన బైకు కాలిపర్ తెరిస్తే పిస్టన్ల చుట్టూ సన్నని మట్టి గట్టిపడి ఉంటుంది. దాన్ని తుడవకుండా పిస్టన్లను లోపలికి నెడితే ఆ మట్టి సీళ్లను గీరుతుంది.

ప్యాడ్లు తీసేసి, రెండు పిస్టన్లకు మధ్య ప్లాస్టిక్ లివర్ అడ్డం ఉంచి, బ్రేకు లివర్‌ను చాలా కొద్దిగా నొక్కండి. పిస్టన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు, అంతకు మించి రానివ్వకండి. బయటపడ్డ అంచును ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడిచి, మినరల్ ఆయిల్ అద్దిన మరో బడ్‌తో సన్నగా రాసి, ప్లాస్టిక్ లివర్‌తో నిటారుగా లోపలికి నెట్టండి. రెండోదానికీ ఇదే. రెండూ ఒకే వేగంతో కదిలేదాకా రెండు మూడు సార్లు చేయండి. చివర మిగిలిన నూనె పూర్తిగా తుడిచేయండి.

డాట్ అనే రకం బ్రేకు ద్రవం వాడే బ్రేకుకు మినరల్ ఆయిల్ గానీ, మినరల్ ఆయిల్ బ్రేకుకు డాట్ గానీ తగలనివ్వకండి. సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఏది వాడాలో సాధారణంగా లివర్ తొట్టి మూత మీదే రాసి ఉంటుంది.

8. కాలిపర్‌ను మధ్యకు తెండి

ప్యాడ్లు, స్ప్రింగు పెట్టి, చీలు పిన్ను వేసి కొసలు వంచండి. చక్రం బిగించండి. కాలిపర్ బోల్టులు రెండూ కాస్త వదులు చేసి, లివర్‌ను గట్టిగా పట్టి ఉంచండి. అలాగే పట్టి ఉంచి ఒక్కో బోల్టును పావు తిప్పు చొప్పున, మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే కాలిపర్ బోల్టుతోపాటు తిరిగిపోతుంది.

చక్రం తిప్పి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. రోటర్‌కు రెండు వైపులా సన్నని వెలుగు గీత కనిపించాలి. ఒక్కచోట మాత్రమే తగులుతుంటే రోటర్ వంగినట్టు. అక్కడ గుర్తు పెట్టి, ఆల్కహాల్‌తో తుడిచిన చిన్న స్క్రూ పానాతో కొంచెం కొంచెంగా వంచండి. ఒకేసారి గట్టిగా వంచితే అవతలి వైపుకు పోతుంది.

ఎంత సర్దినా కాలిపర్ వంకరగానే కూర్చుంటే ఫ్రేము మీది కూర్చునే చోట రంగు మందంగా ఉండి ఉంటుంది. దాన్ని చదును చేసే పనిముట్టు మంచి షాపుల్లో ఉంటుంది, ఇంట్లో ఆకురాయితో రుద్దకండి.

9. ప్యాడ్లను రోటర్‌కు అలవాటు చేయడం

నా లెక్కలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. ప్యాడ్ పదార్థం పలుచగా, చుట్టూ ఒకేలా రోటర్ మీద పూసుకుంటేనే పట్టు వస్తుంది, చప్పుడు తగ్గుతుంది. రుద్దినా, కొత్తవి వేసినా ఇది తప్పదు.

వాన లేని వేళ, కొద్దిపాటి వాలున్న ఖాళీ రోడ్డు చూసుకోండి. వారమంతా ముసురే అయితే వాహనాలు లేని వేళ అపార్ట్‌మెంట్ సెల్లార్ సరిపోతుంది.

1. బయల్దేరే ముందు నిలబడిన చోటే లివర్లు నాలుగైదు సార్లు నొక్కి గట్టిగా ఉన్నాయని చూసుకోండి.
2. గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని, ఒకే బ్రేకును ఒకే ఒత్తిడితో పట్టి నడక వేగానికి తగ్గించండి. పూర్తిగా ఆగకండి.
3. ఇలా ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు.
4. తర్వాత వేగం కాస్త పెంచి, గట్టిగా పడుతూ మరో పది సార్లు.
5. చక్రం లాక్ కానివ్వకండి. వేడి రోటర్ మీద ప్యాడ్ ఒకేచోట నొక్కుకుని నిలిస్తే అక్కడ అతుకు పడుతుంది, ఆ అతుకే తర్వాత గుర్రుమంటుంది.
6. ముట్టుకోకుండా చల్లారనివ్వండి.

కొత్త రెసిన్ ప్యాడ్లు వేసి, ఈ పని చేయకుండా నేరుగా వానలో బురద దారికి తీసుకెళ్లకండి. అలవాటు పడని ప్యాడ్‌ను ఇసుక కలిసిన నీరు ఒక్క రోజులోనే అరగదీయగలదు.

10. తడిలో నడిపేటప్పుడు, తర్వాత

పెద్ద దిగుడు వచ్చే ముందే రెండు బ్రేకులూ కొద్దిగా ఆనించి నీళ్లు తుడవండి. వాగు దాటాక కూడా ఇంతే. మొదటి కీచు అక్కడే అయిపోతుంది, అవసరమైన చోట పట్టు సిద్ధంగా ఉంటుంది. దిగుడు పొడవునా సన్నగా ఆనించి ఉంచితే మాత్రం ప్యాడ్లు వేడెక్కి గట్టిపడతాయి. పట్టి, వదిలి, మళ్లీ పట్టండి.

ఇంటికొచ్చాక తక్కువ ఒత్తిడి నీళ్లతో కాలిపర్ మట్టి కడిగి, చక్రం తిప్పుతూ నాలుగైదు సార్లు బ్రేకు పట్టి, తుడిచి పెట్టండి. తడిగా వదిలేస్తే కొన్ని రోటర్ల మీద తెల్లారేసరికి పలుచని తుప్పు కనిపిస్తుంది. రెండు మూడు సార్లు బ్రేకు పడితే పోతుంది, భయపడకండి.

11. ఇంకా అరుస్తుంటే

- అన్నీ చేశాక మొదటి రైడ్‌లో బాగుండి, రెండో రైడ్‌లో మళ్లీ మొదలైతే: నూనె ఇంకా ఎక్కడినుంచో వస్తోంది. కాలిపర్ కారుతోందా చూడండి, చైన్ చూడండి.
- పట్టు బాగుంది, తడిలో మాత్రం సన్నగా కీచుమంటుంటే: ప్యాడ్ పలక వెనక, పిస్టన్ తగిలే చోట మాత్రమే, బ్రేకులకని అమ్మే గ్రీజు బియ్యపు గింజంత పలుచగా పూసి చూడండి. ముఖం వైపు కారితే ప్యాడ్ పోయినట్టే, కాబట్టి ఇది చివరి ప్రయత్నంగానే.
- లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వస్తే: గొట్టంలో గాలి ఉంది. బ్లీడింగ్ (ఆ గాలిని బయటికి తీయడం) చేయించనిదే దిగుళ్లకు వెళ్లకండి.

12. కొత్త ప్యాడ్లు కొనాల్సి వస్తే

రెసిన్ ప్యాడ్లు తక్కువ అరుస్తాయి, బురదలో త్వరగా అరుగుతాయి. సింటర్డ్ మెటల్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు బురదకూ వేడికీ తట్టుకుంటాయి, తడిలో ఎక్కువ అరుస్తాయి. సెమీ మెటాలిక్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. ఊళ్లో, చిన్న గుట్టల్లో తిరిగేవాళ్లకు రెసిన్ చాలని నా అభిప్రాయం. వానాకాలమంతా పొడవాటి ఘాట్లు దిగేవాళ్లు చప్పుడు భరించైనా మెటల్ వాడుకోవడం నయం.

కొనేముందు రోటర్ మీద రాసింది చదవండి. ఎంటీ200తో తరచూ వచ్చే ఆర్‌టీ26 లాంటి రోటర్ల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని ఇంగ్లిషులో చెక్కి ఉంటుంది. ఆ రోటర్ ఉక్కు మెత్తన, మెటల్ ప్యాడ్ దాన్ని తినేస్తుంది. మెటల్ కావాలంటే రోటర్ కూడా మార్చాలి. షాపులో ప్యాడ్ మోడల్ నంబరు అడగండి: ఎంటీ200కు షిమానో రెసిన్ ప్యాడ్ బీ05ఎస్. పాత ప్యాడ్ వెంట తీసుకెళ్లి, కొత్తదాని ఆకారం పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. ప్యాకెట్ విప్పేటప్పుడు అంచులు పట్టుకోండి, రాపిడి ముఖాన్ని కాదు.